‘సేకరణ’ అనే రచయిత ఎవరూ లేరు

అందరికీ నమస్కారం.

ముందు వరుసల్లో కథలు, కవితలు రాసేవాళ్ళు కూర్చున్నారు. వెనక మెడలో కెమెరాలతో ముగ్గురు కుర్రాళ్ళు కనిపిస్తున్నారు. ఇందాక మెట్ల దగ్గర చీరల మీద డిజైన్లు గీసే ఒక అమ్మాయి నన్ను ఆపి ఓ ప్రశ్న అడిగింది. దాని సంగతి మధ్యలో చెప్తాను. నేను లాయర్ని కాదు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో తెలుగు పాఠాలు చెప్పాను, తీరిక దొరికినప్పుడు కథలు రాశాను. నా కథ ఒకటి చేజారిపోయాకే కాపీరైట్ చట్టం తెరిచి చదివాను. ఇవాళ చెప్పేదంతా అలా నేర్చుకున్నదే.

ఆ కథతోనే మొదలుపెడతాను. మా ఊళ్ళో ఒక మంత్రసాని ఉండేది. నేను పుట్టింది ఆమె చేతుల మీదే. ఆమెను తలుచుకుని ఎనిమిది పేజీల కథ రాశాను. కాన్పు కష్టమవుతుంది. రాత్రంతా మేలుకుని ఆమె తల్లినీ బిడ్డనీ దక్కిస్తుంది. తెల్లారాక ఆ ఇంటివాళ్ళు ఆమెను గుమ్మం బయటే నిలబెట్టి, ఒక పాత చీర దూరం నుంచి ఆమె ముందు పడేస్తారు. ఆమె ఆ చీర ముట్టుకోకుండా వెళ్ళిపోతుంది. కథ అంతే. ఒక వారపత్రికలో అచ్చయింది. రెండేళ్ళ తర్వాత ఇంకో పదిమంది చదువుతారని ఫేస్‌బుక్‌లో పెట్టాను.

ఒక ఆదివారం పొద్దున మా పెద్దమ్మ కూతురు వాట్సాప్‌లో ఏదో పంపింది. "తప్పకుండా చదువు, కన్నీళ్ళు ఆగవు" అని పైన రాసి ఉంది. రెండు వాక్యాలు చదివేసరికి అది నా కథేనని తెలిసిపోయింది. గబగబా కిందికి జరిపి చూశాను. నా పేరు ఉండాల్సిన చోట ఒకే ఒక్క మాట ఉంది. "సేకరణ".

ఫోన్ చేశాను. "అక్కా, ఇది నేను రాసిందే" అన్నాను. "అవునా! మరి నీ పేరు లేదేమే?" అంది. ఆమె తప్పేం లేదు. ఆమెకు పంపినవాళ్ళకూ తెలియదు. ఎక్కడో ఒక మనిషి, ఒక్కసారి, పేరు చెరిపి ఆ మాట పెట్టాడు. ఆ తర్వాత ఎంతమందో మంచి మనసుతోనే పంచుకున్నారు.

సేకరణ అనేది మంచి మాట. బిరుదురాజు రామరాజు గారు జానపద గేయాలు సేకరించారు. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు చాటుపద్యాలు సేకరించారు. కవి ఎవరో తెలిసిన పద్యానికి ఆ కవి పేరు చెప్పారు. నోటి నుంచి నోటికి పోతూ కర్త తెలియకుండా పోతున్నవాటిని దొరకబుచ్చుకుని నిలబెట్టిన పని అది. ఇవాళ వాట్సాప్‌లో అదే మాటను దానికి సరిగ్గా తిరగేసి వాడుతున్నారు. తెలిసిన పేరును తెలియకుండా చేయడానికి వాడుతున్నారు. ఒక తెలుగు టీచరుగా నాకు ఈ బాధ ఒకటి అదనం.

కొన్ని నెలలకు నా పాత విద్యార్థి ఒక యూట్యూబ్ లింకు పంపాడు. ఎవరో కథ చదివి వినిపిస్తున్నారు. గొంతు బాగుంది, వెనక సన్నగా వేణువు. నా పేరు లేదు. అది అప్పటికి అలవాటైపోయింది. కానీ చివర్లో మంత్రసాని ఆ చీర తీసుకుంది. కళ్ళకద్దుకుంది. బిడ్డను దీవించి వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు వణికింది. ఆమె ఆ చీర ముట్టుకోకపోవడం కోసమే నేను ఆ ఎనిమిది పేజీలూ రాశాను. కింద కామెంట్ పెట్టాను, గంటలో తీసేశారు. మెసేజ్ పెడితే, "మీ కథకు మేం ప్రచారం ఇస్తున్నాం మేడమ్" అని జవాబు. ఆ రాత్రి నిద్రపట్టక కూర్చుని చట్టం చదివాను.

మన కాపీరైట్ చట్టం 1957లో వచ్చింది. నాకు మొదట ఆశ్చర్యం కలిగించిన విషయం ఏమిటంటే, హక్కు కోసం ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు. కాగితం మీద గానీ ఫోన్‌లో గానీ మీరు సొంతంగా ఒక కథ రాసిన క్షణంలోనే దానికి కాపీరైట్ పుడుతుంది. బొమ్మకూ ఫొటోకూ పాటకూ అంతే. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. పక్కన సి గుర్తు పెట్టకపోయినా హక్కు హక్కే. ఫేస్‌బుక్‌లో అందరికీ కనిపించేలా పెట్టినంత మాత్రాన అది అందరి సొత్తు కాదు. రచయిత జీవితకాలమంతా, పోయాక మరో 60 ఏళ్ళు ఆ హక్కు ఉంటుంది. బాపు గారు 2014లో పోయారు. ఆయన బొమ్మల మీద ఆయన వారసుల హక్కు 2074 చివరిదాకా ఉంటుందన్నమాట. ఆయన బొమ్మలు పెళ్ళి శుభలేఖల మీద, కాఫీ కప్పుల మీద కనిపించినప్పుడల్లా నేను ఆ లెక్క వేసుకుంటాను.

ఇక సెక్షన్ 57. నాకు ధైర్యం ఇచ్చింది ఇదే. రచయితకు రెండు హక్కులు ఉన్నాయని అది చెప్తుంది. ఒకటి, ఇది నాది అని చెప్పుకునే హక్కు. రెండోది, తన గౌరవానికి భంగం కలిగేలా తన రచనను వక్రీకరించినా, కత్తిరించినా, మార్చినా అడ్డుకునే హక్కు. డబ్బు తీసుకుని కాపీరైట్ మొత్తం అమ్మేసుకున్నా సరే, ఈ రెండూ రచయిత దగ్గరే ఉంటాయి.

హిందీ రచయిత్రి మన్నూ భండారీ తన నవలను సినిమాకు ఇచ్చారు. సినిమాలో కథను, పాత్రలను మార్చేశారని కోర్టుకు వెళ్ళారు. 1980లలో ఢిల్లీ హైకోర్టు ఆ కేసులో సెక్షన్ 57ను వివరంగా చర్చించింది. సినిమాకు తగ్గట్టు కొన్ని మార్పులు తప్పవు, కానీ రచన ఆత్మనే చెరిపే మార్పును రచయిత అడ్డుకోవచ్చు అన్నది అందులోని సారం. తర్వాత ఇరుపక్షాలూ రాజీ పడ్డాయి గానీ ఆ తీర్పును ఇప్పటికీ ఉదహరిస్తారు. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ సంగతి ఇంకా పెద్దది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడకు ఆయన చేసిన కంచు శిల్పాన్ని 1979లో ఆయనకు చెప్పకుండా ఊడదీసి గోడౌన్‌లో పడేశారు. అది ప్రభుత్వం డబ్బిచ్చి చేయించుకున్నదే. అయినా 2005లో ఢిల్లీ హైకోర్టు, మిగిలిన ముక్కలు ఆయనకు తిరిగి ఇవ్వమని, 5 లక్షల రూపాయల పరిహారం కట్టమని చెప్పింది. ఎదురుగా ఉన్నది కేంద్ర ప్రభుత్వం. వయసు మళ్ళిన ఒక శిల్పి అంతకాలం పట్టు విడవకుండా నిలబడ్డాడు. నా ఎదుట ఉన్నది ఒక యూట్యూబ్ ఛానెల్. నాకెందుకు భయం అనుకున్నాను.

పొద్దున్నే మొదట చేసిన పని సాక్ష్యం దాచుకోవడం. మీరూ ఇదే వరస పాటించండి. గొడవకు దిగకముందే స్క్రీన్‌షాట్లు తీయండి. లింకు, ఛానెల్ పేరు, తేదీ, టైమ్, ఎంతమంది చూశారు, అన్నీ కనిపించాలి. వీడియో అయితే అది నడుస్తుండగా స్క్రీన్ రికార్డింగ్ చేయండి. ముందు కామెంట్ పెట్టి నేను తప్పు చేశాను. అవతలివాళ్ళు ఉలిక్కిపడి డిస్క్రిప్షన్ మార్చేశారు. వ్యవహారం కోర్టుదాకా వెళ్తే భారతీయ సాక్ష్య అధినియమంలో సెక్షన్ 63 కింద ఈ ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఒక సర్టిఫికెట్ జతచేయాలి. కాబట్టి తీసిన ఫోన్‌లో అసలు ఫైలు చెరిపేయకండి.

తర్వాత యూట్యూబ్‌లోనే కాపీరైట్ ఫిర్యాదు ఫారం నింపాను. అసలు రచన ఎక్కడ ఉందో, కాపీ ఎక్కడ ఉందో అడుగుతారు. ఇది నాది, నేను చెప్పేది నిజం అని ఒప్పుకుంటూ పూర్తి పేరు టైపు చేయాలి. మీ పేరు అవతలివాళ్ళకు తెలుస్తుంది, అది గుర్తుంచుకోండి. వెంటనే తీయమనవచ్చు, లేదా వాళ్ళంతట వాళ్ళు తీసుకోవడానికి 7 రోజులు గడువివ్వవచ్చు. నేను గడువిచ్చాను. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు, అంటే కాపీరైట్ ఉల్లంఘన హెచ్చరికలు, పడితే ఛానెలే పోయే ప్రమాదం ఉంది కాబట్టి చాలామంది ఆ 7 రోజుల్లోనే దారికొస్తారు. అవతలివాళ్ళు ఎదురు నోటీసు ఇస్తే మాత్రం, 10 పనిదినాల్లో మీరు చట్టపరమైన చర్య మొదలుపెట్టినట్టు చూపించాలి, లేకపోతే వీడియో మళ్ళీ వచ్చేస్తుంది.

ఏ వెబ్‌సైటుకైనా వర్తించే దారి మన కాపీరైట్ చట్టంలోనే ఉంది. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే 36 గంటల్లో ఆ లింకు అందకుండా చేయాలి. 21 రోజుల్లోగా మీరు కోర్టు ఉత్తర్వు తెచ్చుకోకపోతే మళ్ళీ తెరవవచ్చు. కోర్టంటే ఢిల్లీ, ముంబై పరిగెత్తాలని టెన్షన్ పడకండి. సెక్షన్ 62 ప్రకారం మీరు నివసించే చోటే, మీ జిల్లా కోర్టులోనే కేసు వేయవచ్చు. ఎదుటివాడు ఏ ఊళ్ళో ఉన్నా సరే. చిన్న ఊళ్ళలో ఉండి రాసేవాళ్ళకు ఇది ఎంత పెద్ద వెసులుబాటో ఆలోచించండి.

ఆరో రోజున నాకు ఫోన్ వచ్చింది. ఇరవై రెండేళ్ళ కుర్రాడు. వాట్సాప్‌లో తిరిగేదంతా ఎవరైనా వాడుకోవచ్చనుకున్నాడట. పాత వీడియో తీసేశానని చెప్పాడు. ముగింపు ఎందుకు మార్చావు బాబూ అని అడిగాను. "ఆవిడ ఖాళీ చేతులతో వెళ్ళడం నాకు బాధగా అనిపించింది మేడమ్" అన్నాడు. ఆ మాట విన్నాక నా కోపం సగం పోయింది. ఆమె ఖాళీ చేతులతో ఎందుకు వెళ్ళిందో అరగంట చెప్పాను. తర్వాత ఆ ఒక్క కథకు, ఆ ఒక్క ఛానెల్‌కు, మార్పు లేకుండా, మొదట్లోనూ మధ్యలోనూ నా పేరు చెప్పాలనే షరతుతో ఈమెయిల్‌లో అనుమతి రాసిచ్చాను. ఇప్పుడు అతను ఏ కథ చదివినా ముందు రచయితకు ఫోన్ చేస్తున్నాడు.

మధ్యలో కూడా పేరు ఎందుకంటే, పేరు పోయేది ఎప్పుడూ చివరి నుంచే. మన పాతవాళ్ళకు ఇది బాగా తెలుసు. పదకర్తలు, వాగ్గేయకారులు ముద్ర అని, పాటలోనే కలిసిపోయే తమ గుర్తు ఒకటి పెట్టుకున్నారు. క్షేత్రయ్య పదంలో "మువ్వగోపాల" వస్తుంది. త్యాగరాజు తన పేరునే చరణంలో అల్లారు. ఆ మాట తీసేస్తే తాళం తప్పుతుంది, పాట కుంటుతుంది. శతకంలో మకుటమూ అంతే, తీసేస్తే పద్యానికి ఛందస్సే మిగలదు. కావ్యాల్లో ప్రతి ఆశ్వాసం చివరా గద్యలో కవి పేరు మళ్ళీ మళ్ళీ వస్తుంది. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు నేనూ దాన్ని దాటేసేదాన్ని. ఇప్పుడు అర్థమవుతోంది. తాటాకు కట్ట తాడు తెగి ఆకులు విడిపోయినా, ఏ ఆశ్వాసం ఎవరి చేతికి చిక్కినా, అందులో పేరు ఉంటుంది.

మీరూ అలాగే చేయండి. ఫొటో మూలన చిన్న అక్షరాలతో వేసిన పేరును ఫ్లెక్సీ షాపువాడు రెండు సెకన్లలో కత్తిరిస్తాడు. కత్తిరిస్తే బొమ్మే పాడయ్యే చోట వేయండి. కొల్లేరు ఆటపాకలో గూడబాతుల ఫొటో తీశారనుకోండి, నీళ్ళలో పక్షి నీడ పడిన చోట లేతగా పేరు వేయవచ్చు. ఫొటో ఫైలు లోపల కూడా పేరు, తేదీ నింపే వీలుంది. అయితే వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ వివరాలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఉంటాయి. పెద్ద సైజు అసలు ఫైలు ఎవరికీ ఇవ్వకండి, మీ దగ్గరున్న గట్టి రుజువు అదే. ఒరిజినల్ ఫైలు లోపలి ఈ హక్కుల సమాచారాన్ని కావాలని తీసేయడం కూడా నేరమే. 2012 సవరణలో వచ్చిన సెక్షన్ 65బి ప్రకారం రెండేళ్ళ దాకా జైలు, జరిమానా ఉన్నాయి. ఈ సంగతి ఒక్క వాక్యంలో మర్యాదగా రాసి పంపితే చాలు, చాలామంది పేరు తిరిగి పెట్టేస్తారు.

పెళ్ళి ఫొటోలు తీసే తమ్ముళ్ళకు ఒక మాట. డబ్బు తీసుకుని ఆర్డరు మీద తీసిన ఫొటోలకు వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్ళే. ఆ ఫొటోలు మీ పేజీలో పెట్టుకోవాలంటే ముందే వాళ్ళతో రాయించుకోండి.

రచయితలకు ఇంకోటి. పత్రిక పారితోషికం ఇచ్చింది కదా, పోటీలో బహుమతి వచ్చింది కదా, హక్కు వాళ్ళకే పోయిందని అనుకుంటారు. హక్కు బదిలీ కావాలంటే మీరు సంతకం చేసిన కాగితం ఉండాలి. అందులో ఎన్నేళ్ళకో రాయకపోతే 5 ఏళ్ళే. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే. కానీ కథల యాప్‌లలో "అంగీకరిస్తున్నాను" అని నొక్కేముందు చదవండి. ఆడియో, సినిమా, అనువాదం అన్నీ శాశ్వతంగా ఇస్తున్నాను అని రాసి ఉంటే వెనక్కి రండి. నా స్నేహితురాలు ఒకామె అలా నొక్కి, తన నవలను తనే పుస్తకంగా వేసుకోలేక రెండేళ్ళు ఏడ్చింది.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్న. తను చీర బోర్డర్లకు డిజైన్లు గీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతుంది. ఒకదానికి బాగా పేరొచ్చింది. తనే ఒక మిల్లుకు ఇచ్చి రెండు వందల చీరలు అచ్చు వేయించింది. ఇప్పుడు బజారంతా అదే బోర్డర్. ఏం చేయాలని అడిగింది. అమ్మా, కాగితం మీది నీ బొమ్మకు కాపీరైట్ ఉంది. కానీ బట్ట మీద వేసే డిజైనుకు వేరే చట్టం ఉంది, 2000 నాటి డిజైన్ల చట్టం. దాని కింద రిజిస్టర్ చేయగలిగి కూడా చేయని డిజైన్‌ను నువ్వు గానీ, నీ అనుమతితో ఇంకొకరు గానీ యంత్రాల మీద యాభైకి మించి వేస్తే, దాని మీద కాపీరైట్ ముగిసిపోతుంది. కాపీరైట్ చట్టం సెక్షన్ 15లో ఉంది ఈ మాట. రిజిస్టర్ చేసుకుంటే 10 ఏళ్ళు, తర్వాత ఇంకో 5 ఏళ్ళు రక్షణ. అయితే డిజైన్ కొత్తదై ఉండాలి, అంటే ముందే ఇన్‌స్టాలో పెట్టేసిన డిజైన్‌కు ఆ అర్హత పోతుంది. అందుకే ఇందాక మెట్ల దగ్గర నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఈ బోర్డర్ విషయంలో ఒక మంచి లాయర్ని తప్పక కలువు. వచ్చేవాటికి మాత్రం వరస మార్చుకో. ముందు అప్లికేషన్, తర్వాతే పోస్టు. ఇలాంటి అమ్మాయిలకు ఈ ఒక్క ముక్క కాలేజీలోనే చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

కాపీరైట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా, పుస్తకంగా వేయబోయే రచనకు చేయించుకోమంటాను. ఒక సాహిత్య రచనకు ఫీజు 500 రూపాయలు, ఆన్‌లైన్‌లోనే అప్లికేషన్. అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. ఆ సర్టిఫికెట్‌ను కోర్టు ప్రాథమిక సాక్ష్యంగా తీసుకుంటుంది. కవర్లో పెట్టి మనకు మనమే రిజిస్టర్ పోస్టు చేసుకుని విప్పకుండా దాచుకునే పాత అలవాటు ఒకటుంది. దానికి చట్టంలో ప్రత్యేకమైన స్థానం లేదు. చిత్తుప్రతులు దాచుకోండి, కొట్టివేతలతో సహా. కాపీ కొట్టినవాడి దగ్గర కొట్టివేతలు ఉండవు.

ఇక ప్రశ్నలు అడగండి.

(కెమెరాతో వచ్చిన ఒక యువకుడు: "నా షార్ట్ ఫిల్మ్ ఐడియా తీసుకుని వేరేవాళ్ళు సినిమా చేస్తే?")

ఐడియాకు హక్కు లేదు బాబూ. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. భావం అందరిదీ, దాన్ని నువ్వు చెప్పిన తీరు నీది. సన్నివేశాల వరస, మాటలు, పాత్రల మలుపులు గణనీయంగా కలిస్తేనే కేసు నిలుస్తుంది. అందుకని ఎవరికైనా వినిపించేముందు పూర్తిగా రాసుకో, ఈమెయిల్‌లో పంపు. నోటితో చెప్పి రాకు. అలాగే ఎవరి మీదైనా తొందరపడి దొంగ అని ముద్ర వేయకు. ఆధారం లేకుండా బెదిరిస్తే సెక్షన్ 60 కింద వాళ్ళే నీ మీద కేసు వేయవచ్చు. విమర్శ రాస్తూ నీ నాలుగు వాక్యాలు ఉటంకించినవాళ్ళ జోలికి అసలు పోకు, ఆ స్వేచ్ఛ వాళ్ళకు చట్టం ఇచ్చింది. అది మన సాహిత్యానికీ కావాలి.

(ఇంకొకరు: "ఛానెల్ అమెరికాలో ఉంటే?")

మన రచనకు అక్కడా రక్షణ ఉంది. దేశాలు ఒకరి రచనలకు మరొకరు కాపీరైట్ రక్షణ ఇచ్చే బెర్న్ ఒప్పందంలో మన దేశం 1928 నుంచి ఉంది, అమెరికా కూడా ఉంది. అక్కడ 1998లో వచ్చిన డీఎంసీఏ అనే డిజిటల్ కాపీరైట్ చట్టం ప్రకారం నోటీసు పంపండి, ఇక్కడి నుంచే పంపవచ్చు. అక్కడి తెలుగు సంఘాల సావనీర్లలో మన కథ కనిపిస్తే మాత్రం ముందు ఒక ఈమెయిల్ రాయండి. నాకు తెలిసినంతలో, అడిగితే క్షమాపణ చెప్పి పేరు వేసేవాళ్ళే ఎక్కువ.

(వెనక నుంచి ఒకావిడ: "మా నాన్నగారు పోయి నాలుగేళ్ళయింది. ఆయన పద్యాలు వాట్సాప్‌లో ఎవరివో అన్నట్టు తిరుగుతున్నాయి. ఆయన లేరు కదా, నేను అడగవచ్చా?")

అడగవచ్చమ్మా. ఆయన వారసులుగా మీకు ఇంకా 56 ఏళ్ళ హక్కు ఉంది. ఆయన బతికుండగా అచ్చు కాని పద్యాలుంటే, వాటిని మొదటిసారి ప్రచురించిన ఏడాది తర్వాత నుంచి 60 ఏళ్ళు లెక్క. ఇంకో మంచి మాట. 2012కు ముందు, ఇది ఫలానావారు రాసింది అని పేరు కోసం పోరాడే హక్కు వారసులకు లేదు, ఆ సెక్షన్ 57లో ఆ ఒక్కటి మినహాయించారు. ఆ సవరణలో ఆ మినహాయింపు తీసేశారు. ఇప్పుడు కూతురు అడగవచ్చు. ఆయన చేతిరాత నోట్‌బుక్కులు ఉన్నాయా? ఉంటే ప్రతి పేజీ ఫొటో తీసి పెట్టుకోండి. ఆ పద్యాలు ఎక్కడ కనిపిస్తే అక్కడ, కింద ఆయన పేరు రాసి, తిరిగి అదే గ్రూపులో పెట్టండి.

మైకు ఒకసారి ఆవిడకు ఇవ్వండి. ఏడవకండమ్మా. నిలబడి, మీ నాన్నగారి పేరు చెప్పి, ఆ పద్యాల్లో ఒకటి చదవండి. మేం వింటాం.